దిగడానికే సైకిల్: పులావ్ ఉబిన్‌లో ఒక రోజు

(సింగపూర్‌లో ఆదివారాలు కలిసి సైకిల్ తొక్కే తెలుగువాళ్లు ఉబిన్ ప్రయాణానికి వారం ముందు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? పిల్లలూ, మీరు ముందుకొచ్చి కింద కూర్చోండి. పీతల గురించి చెప్పేటప్పుడు మీతో పని ఉంది.

వచ్చే ఆదివారం మనం పులావ్ ఉబిన్ ద్వీపానికి వెళ్తున్నాం. గ్రూపులో మెసేజ్‌లన్నీ చదివాను. ఎక్కువమంది అడిగింది ఏమిటో తెలుసా? "మొత్తం ఎన్ని కిలోమీటర్లు?" అని. తెల్లారకముందే ఈస్ట్ కోస్ట్ మీద నలభై కిలోమీటర్లు తొక్కేసి, టిఫిన్ వేళకి ఇల్లు చేరే ఘనులు మనలో ఉన్నారు. ఎవరో నేను చెప్పను, వాళ్లే నవ్వుతున్నారు చూడండి. వాళ్లకి ముందే చెప్పేస్తున్నాను, ఆశలు పెట్టుకోకండి. ఉబిన్ మొత్తం విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. ఆ కొస నుంచి ఈ కొసకి ఎంత తొక్కినా మీ చేతి వాచీ మిమ్మల్ని మెచ్చుకోదు. ఉబిన్‌లో సైకిల్ దిగడానికే. మంచి చోట దిగడానికి, సరైన వేళకి దిగడానికి. ఎక్కడ దిగాలి, ఎప్పుడు దిగాలి, ఇవాళ నేను చెప్పేదంతా ఇదే.

ముందు 'ఎప్పుడు' సంగతి చూద్దాం. మనకి ఖాళీ ఆదివారం కాబట్టి ఆదివారం అనుకున్నాం. బాగానే ఉంది. కానీ ఏ ఆదివారం? దీనికి మన పంచాంగం పనికొస్తుంది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. సూర్యచంద్రుల లాగుడు రెండూ కలుస్తాయి. పోటు వచ్చినప్పుడు నీళ్లు బాగా పైకి వస్తాయి, ఆటు వచ్చినప్పుడు బాగా వెనక్కి పోతాయి. అష్టమి దగ్గర ఈ తేడా తగ్గిపోతుంది. ఉబిన్ తూర్పు కొసన మనం చూడబోయే తీరం చెక్ జావా. అక్కడ సముద్రం అడుగు బయటపడాలంటే అమావాస్యకో పౌర్ణమికో దగ్గరలో వెళ్లాలి. అందుకే పోయిన ఆదివారం వద్దన్నాను. నామీద కొంతమందికి కోపం వచ్చిందని తెలుసు.

అక్కడితో అయిపోలేదు. ఆటు వేళ ప్రతిరోజూ ఒకేలా ఉండదు, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పైగా ఇక్కడ ఏడాదిలో దాదాపు సగం నెలలు బాగా లోతైన ఆటు తెల్లవారుజామున వస్తుంది. అప్పుడు బోట్లుండవు, వెళ్లి చేసేదేమీ లేదు. ఇప్పుడు మనమున్న నెలల్లో సాయంత్రం వస్తుంది. నీటిమట్టం అర మీటరు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే చెక్ జావా బాగా కనిపిస్తుంది. మన ఆదివారం అది సాయంత్రం నాలుగు దాటాక. చెక్ జావా గేటు ఆరింటికి మూసేస్తారు. అంటే మనకున్నది రెండు గంటల లోపే. మిగతా రోజంతా ఆ రెండు గంటల చుట్టూ అల్లుకోవాలి. "పొద్దున్నే ఏడింటికే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేద్దాం" అన్నవాళ్లకి ఇదే నా జవాబు. పొద్దున్న వెళ్తే నీళ్లు చూసి రావచ్చు. నీళ్లు చూడటానికి మనం బోటెక్కే చాంగి ఒడ్డు చాలదా?

ఇక ప్రయాణం. పది గంటలకి చాంగి పాయింట్ ఫెర్రీ టెర్మినల్ దగ్గర కలుద్దాం. అక్కణ్ణుంచి ఉబిన్‌కి తీసుకెళ్లే చిన్న మోటారు పడవల్ని బమ్‌బోట్లు అంటారు. వాటికి టైంటేబుల్ ఉండదు. 12 మంది ఎక్కగానే బోటు కదులుతుంది. మనిషికి 4 డాలర్లు, సైకిల్ ఉంటే అదనం. నోట్లు దగ్గర పెట్టుకోండి. వచ్చిన వరసలోనే ఎక్కండి. మనవాళ్లందరూ ఒకే బోటులో వెళ్లాలని ఎవరూ పట్టుబట్టొద్దు. ఆ పక్కన నిలబడ్డ ముసలాయన ఉబిన్‌లో ఇల్లున్న మనిషి కావచ్చు, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతూ ఉండవచ్చు. మన సెల్ఫీల కోసం ఆయన ఎండలో ఎందుకు నిలబడాలి? పది, పదిహేను నిమిషాల్లో అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, అది సింగపూరే. కానీ ఎదురుగా కనిపించేది మలేషియా ఒడ్డు, కాబట్టి ఐడీ కార్డు మాత్రం జేబులో ఉండాలి.

సొంత సైకిల్ తెచ్చుకోవాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా అని అడిగారు. సన్నటి టైర్లున్న రోడ్డు సైకిళ్లు తేవొద్దు. అక్కడ తారు రోడ్డు కొంతే, మిగతాదంతా మట్టి, కంకర. జెట్టీ దిగగానే అద్దె దుకాణాలుంటాయి. అక్కడ తొందరపడకండి. సైకిల్ తీసుకున్నాక ముందు చక్రం గాల్లోకి ఎత్తి తిప్పండి, బ్రేకు నొక్కండి. వెనక చక్రానికీ అలాగే చేయండి. సీటు మీద కూర్చుని పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు కాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి, మోకాలు పొట్టకి తగులుతుంటే సీటు పైకి లేపించండి. గేర్లు అన్నీ పడుతున్నాయో లేదో దుకాణం ముందే రెండు చుట్లు తొక్కి చూడండి. నచ్చకపోతే మార్చమనండి, మారుస్తారు. రెండు కిలోమీటర్లు పోయాక చైన్ ఊడిందంటే అక్కడ మెకానిక్ ఎవరూ ఉండరు.

రోడ్డు మీద మనం పాటించాల్సింది ఒకటే పద్ధతి. ముందు ఒకరు, చిట్టచివర ఒకరు. ముందున్న మనిషిని ఎవరూ దాటొద్దు, చివరి మనిషి వెనక ఎవరూ ఉండొద్దు. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాళ్లు ఆగి, చివరి మనిషి కనిపించాకే కదలాలి. పాపం చివరి మనిషి రొప్పుతూ వచ్చి చేరగానే, ఇంతసేపు విశ్రాంతి తీసుకున్నవాళ్లు "పదండి పదండి" అని బయల్దేరిపోతారు. ఇది మనకున్న జబ్బు. ఆ మనిషికి ఊపిరి ఎప్పుడు అందాలండీ? వాళ్లు నీళ్లు తాగి, మూత పెట్టాకే కదులుదాం.

వాలు దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకండి. కంకర మీద ముందు చక్రం జారితే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్లి పడతాడు. పెడల్స్ రెండూ సమానంగా పెట్టి, బరువు వెనక్కి వేసి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కుతూ దిగాలి. మలుపు తిరిగేముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. కొన్ని వాలుల దగ్గర దిగి నడిపించుకుని వెళ్లమని బోర్డులుంటాయి. బోర్డు చూసి దిగినవాళ్లని వెక్కిరించినవాళ్లకి ఆ రోజు కొబ్బరినీళ్లు లేవు. ఇది నా రూలు. హెల్మెట్ గురించి నేను చర్చ పెట్టను, పెట్టుకోవాలి.

సరే. జెట్టీ నుంచి మొదట పడమటి వైపు, రాళ్ల గనుల దగ్గరికి పోదాం. ఈ ద్వీపం అంతా గ్రానైట్. సింగపూర్‌కి రాయి కావాల్సి వచ్చినప్పుడు ఇక్కడ కూడా తవ్వారు. సముద్రంలో పెడ్రా బ్రాంకా అనే చిన్న రాతి దీవి మీద హార్స్‌బర్గ్ లైట్‌హౌస్ ఉంది కదా, 1851లో వెలిగింది, దానికి రాయి ఉబిన్‌దే. మనం మలేషియా వెళ్లేటప్పుడు గంటలు గంటలు ఆగిపోయే కాజ్‌వే కూడా, 1924లో పూర్తయింది, దాంట్లోనూ ఉబిన్ గ్రానైట్ ఉంది. ఈసారి అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈ ముక్క గుర్తుకు తెచ్చుకోండి, కాసేపు కాలక్షేపం. 1999లో చివరి గని మూతపడింది. తవ్విన గోతులన్నీ వాననీళ్లతో నిండాయి. పెకాన్ గని దగ్గర సైకిళ్లు ఆపుదాం. కంచె ఇవతల నిలబడి చూస్తే నీళ్ల మధ్య చెట్ల మీద కొంగలు గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. మనిషి పేల్చి పారేసిన గోతిలో అవి సంసారం పెట్టాయి. కంచె దాటొద్దు, నీళ్లలో దిగొద్దు. ఒడ్డు నుంచి ఒక్కసారిగా లోతు.

కెటామ్ మౌంటెన్ బైక్ పార్కు కూడా అటువైపే ఉంది. కుర్రాళ్లకి గంట టైమిస్తాను, వెళ్లి దుమ్ము రేపుకుని రండి. మిగతావాళ్లం నీడలో కూర్చుంటాం. దాని గురించి ఇంతకన్నా చెప్పను, వాళ్లకి నాకన్నా బాగా తెలుసు.

మధ్యాహ్నం భోజనం. ఇంటి దగ్గర్నుంచి పులిహోర తెస్తామని మెసేజ్‌లు వచ్చాయి. చాలా సంతోషం. ఎవరు చేస్తున్నారో నాకు తెలుసు కాబట్టి ఇంకా సంతోషం. కానీ ఒక్క మాట. ప్లాస్టిక్ కవర్లో తేవొద్దు, హ్యాండిల్‌కి తగిలించొద్దు. అక్కడి కోతులకి కవరు చప్పుడు వినిపిస్తే చాలు. లోపల ఏముందో వాటికి అనవసరం. కవరు అంటే తిండి అని జనమే నేర్పించారు. డబ్బాలో పెట్టి, డబ్బా బ్యాగులో పెట్టి, జిప్ వేయండి. తినేది జెట్టీ దగ్గర ఊళ్లో, బల్లల మీద. అడవిపందులు కూడా కనిపిస్తాయి, పిల్లలతో తిరుగుతుంటాయి, ముద్దొస్తాయి. దగ్గరికి పోకండి, సైకిల్ అడ్డంగా పెట్టుకుని నిలబడండి, వాటి దారిన అవి పోతాయి. ఏ జంతువుకీ ఏమీ పెట్టొద్దు. మొదటిసారి పట్టుబడితేనే జరిమానా 5,000 డాలర్ల వరకు ఉంటుంది. పులిహోర ఎంత బాగున్నా ఆ ధర ఎక్కువే కదా?

భోజనమయ్యాక తూర్పు వైపు, చెక్ జావా దారి. ఈ దారిలో తల పైకెత్తుకుని నెమ్మదిగా తొక్కండి. పాత రబ్బరు తోటలు అడవిలో కలిసిపోయాయి. అక్కడ హార్న్‌బిల్ పక్షులుంటాయి. నలుపూ తెలుపూ ఒళ్లు, పసుపు పచ్చని ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో బోలు ముక్కులాంటిది. ఇవి 19వ శతాబ్దం మధ్యకల్లా సింగపూర్‌లో కనిపించకుండా పోయాయి. నూరేళ్లకి పైగా లేవు. 1994లో మళ్లీ ఈ ఉబిన్‌లోనే కనిపించాయి. ఎందుకు ఇక్కడే? పండ్ల చెట్లున్నాయి, పైగా మలేషియా ఒడ్డు దగ్గరే. అయితే వీటికి గూడు పెట్టాలంటే పెద్ద తొర్ర ఉన్న ముసలి చెట్టు కావాలి. అలాంటి చెట్లు తక్కువైపోయాయి. అందుకని ఇక్కడ చెట్లకి గూడు పెట్టెలు కట్టారు. అవి వచ్చి కాపురముండి పిల్లల్ని చేశాయి. ఇప్పుడు మన ఫ్లాట్ల కిటికీల మీద కూడా వాలుతున్నాయంటే ఆ సంతతి పెరిగి పెరిగి వచ్చిందే.

ఆడపక్షి తొర్రలోకి దూరి, మట్టీ రెట్టా కలిపి తలుపు మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగి, పిల్లలు పెద్దయ్యేదాకా బయటకి రాదు. అన్నాళ్లూ తెచ్చిపెట్టేది మగపక్షే. ఒకసారి మేం దూరంగా నిలబడి చూశాం. వచ్చి కొమ్మ మీద వాలింది. ముక్కులో ఏమీ లేదు. పాపం ఖాళీగా వచ్చిందే అనుకున్నాం. గొంతు ఒకసారి ఎగరేసింది, ముక్కు కొసకి ఒక పండు వచ్చింది. సందులోంచి ఇచ్చింది. మళ్లీ గొంతు ఎగరేసింది, ఇంకో పండు. మళ్లీ ఇంకోటి. గొంతులోనే సంత మొత్తం మోసుకొచ్చింది. మా పక్కనున్న ఒకావిడ వాళ్లాయన వైపు చూసింది. ఆయన ఫోనులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. గూడు కనిపిస్తే అరవకండి, దగ్గరికి పోకండి. మనం దగ్గరికి పోతే మగపక్షి రాకుండా అక్కడక్కడే తిరుగుతుంది, లోపల అవి ఆకలితో ఉంటాయి.

ఇప్పుడు చెక్ జావా. గేటు బయట సైకిళ్లు పెట్టి తాళం వేయాలి. లోపలికి నడకే. నేను ఇందాక నుంచి దిగాలి దిగాలి అంటున్నది ఇక్కడి కోసమే.

ఈ చోటు ఇవాళ ఉండాల్సింది కాదు. సింగపూర్ సముద్రాన్ని పూడ్చి పెరిగిన దేశమని మీకు తెలుసు. 1960ల్లో 580 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న నేల ఇప్పుడు 730 దాటింది. చెక్ జావాని కూడా పూడ్చాలని ప్లాను. పూడ్చే పనులు మొదలవకముందే, 2000 చివర్లో, జోసెఫ్ లాయ్ అనే వృక్షశాస్త్రవేత్త ఇక్కడి సంపద చూసి నలుగురికీ చెప్పాడు. 2001లో జనం ఆటు వేళల్లో వచ్చి చూశారు. వాలంటీర్లు వంగి వంగి ఏ ప్రాణి ఎక్కడుందో రాసుకున్నారు. పూడ్చేస్తారు కదా, కనీసం లెక్కయినా మిగలాలని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ లెక్కలూ, జనం రాసిన ఉత్తరాలూ ప్రభుత్వానికి చేరాయి. 2002 జనవరిలో పూడ్చివేత వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు. మాట గమనించండి. రద్దు అనలేదు, వాయిదా అన్నారు. అభివృద్ధికి ఆ నేల అవసరం పడనంతకాలం ముట్టుకోమన్నారు. ధర్నా లేదు, నినాదం లేదు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు చూడమని మనుషుల్ని తీసుకెళ్లారు, అంతే. పోటు వేళ తీసుకెళ్లి ఉంటే ఎవరికి ఏం కనపడేది చెప్పండి?

ఏముంది అక్కడ? సుమారు 100 హెక్టార్లలోనే ఒడ్డు అడవి, మడ అడవి, ఇసుక ఒడ్డు, రాతి ఒడ్డు, సముద్రపు గడ్డి పెరిగే మడుగు, పగడపు ముక్కలు పేరుకున్న నేల, ఇన్ని రకాలు పక్కపక్కనే. 2007లో తెరిచిన నడక వంతెన ఉంది, కిలోమీటరు పైచిలుకు. బురద తొక్కకుండా దానిమీద నడుస్తూ చూడవచ్చు. అంతకుముందు జనం నేరుగా నేల మీదే నడిచేవాళ్లు, చూడటానికొచ్చినవాళ్ల కాళ్ల కిందే కొన్ని నలిగేవి. జెజావి టవర్ ఎక్కితే, 20 మీటర్ల ఎత్తు ఉంటుంది, చెట్ల తలలు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కక్కర్లేదు, అసలు విషయం కిందే ఉంది.

పిల్లలూ, ఇప్పుడు మీ పని. వంతెన మీద ఒకచోట కదలకుండా కూర్చోవాలి. ఎంతసేపు? మొదట బురద తప్ప ఏమీ కనిపించదు. మన అడుగుల చప్పుడుకి అన్నీ బొరియల్లోకి పోయి ఉంటాయి. ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే ఒక్కోటి బయటకి వస్తుంది. గోరంత పీతలు. మగవాటికి ఒక చెయ్యి చిన్నది, ఇంకోటి ఒంటికి సమానంగా పెద్దది. ఆ పెద్ద చెయ్యి పైకీ కిందికీ ఊపుతుంటాయి. ఆడపీతని పిలవడానికి, పక్క మగపీతని బెదిరించడానికి. తినడానికి మాత్రం చిన్న చెయ్యే. ఆడపీతలకి రెండూ చిన్నవే, అందుకని అవి రెండు చేతులా తింటాయి. మడ్‌స్కిప్పర్ అని ఒక చేప, నీళ్లలోంచి బయటకొచ్చి బురద మీద రెక్కలతో పాకుతుంది. కళ్లు తల మీద ఉంటాయి, అప్పుడప్పుడు లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్లీ బయటకి తీస్తుంది. ఎవరు ముందు చూస్తారో వాళ్లు అరవకుండా వేలు చూపించాలి. అరిస్తే మళ్లీ ఐదు నిమిషాలు.

ఇంకొక సంగతి పెద్దవాళ్లకి. 2006 చివర, 2007 మొదట్లో అవతలి ఒడ్డున మలేషియాలోని జొహోర్‌లో విపరీతంగా వానలు పడ్డాయి. వరదనీరంతా నదిలోంచి ఈ జలసంధిలోకి వచ్చింది. ఉప్పునీటి ప్రాణుల మీదికి మంచినీళ్లు వచ్చిపడ్డాయి. చెక్ జావాలో ఎన్నో చచ్చిపోయాయి, బతికిన కొన్నిటి రంగు తెల్లగా పాలిపోయింది. మనుషుల నుంచి బయటపడిన ఐదేళ్లకి వాన వచ్చి ఊడ్చింది. తర్వాత నెమ్మదిగా తేరుకుంది. వంతెన మీద నిలబడి చూస్తున్నది పాతకాలం నుంచి చెక్కుచెదరకుండా ఉన్నదేమీ కాదు, పడి లేచినది.

అన్నట్టు గేటు లోపలే ఒక బంగళా ఉంది, హౌస్ నంబర్ 1 అంటారు. 1930ల్లో ఒక బ్రిటిష్ సర్వేయర్ కోసం కట్టింది, అచ్చం ఇంగ్లండు పల్లెల్లో ఇల్లులా. అందులో చలిమంట గూడు కూడా ఉంది. భూమధ్యరేఖకి నూటయాభై కిలోమీటర్ల దూరంలో! ఆయన ఏ నెలలో వెలిగించేవాడో.

వాన. ఈ నెలల్లో మధ్యాహ్నం ఉరుము రానిదే రోజు గడవదు. తడవడానికి భయపడొద్దు, పిడుగుకి భయపడండి. ఉరుము వినిపించిందంటే వంతెన మీద, టవర్ మీద, ఒంటరి చెట్టు కింద ఉండొద్దు. విజిటర్ సెంటర్ కప్పు కిందికి వచ్చేయండి. వాన తగ్గాక మట్టి దారి జారుతుంది, వేగం సగానికి తగ్గించండి. ఆ రోజు వాన ఆగకపోతే చెక్ జావా మానేసి వెనక్కి వచ్చేద్దాం, పదిహేను రోజుల్లో మళ్లీ లోతైన ఆటు వస్తుంది.

తిరుగు ప్రయాణం. ఐదు ముప్పావుకి గేటు బయట సైకిళ్ల దగ్గర తలలు లెక్కపెడతాం. సైకిల్ అద్దె దుకాణాల్లో ఎప్పటికి తిరిగివ్వాలో పొద్దున్నే అడిగి పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం జెట్టీ మీద వరస పొడుగ్గా ఉంటుంది, చీకటి పడితే బోట్లు తగ్గిపోతాయి. చిన్నపిల్లలున్న వాళ్లు మొదటి బోటు ఎక్కుతారు. ముందు నడిపించిన మనిషీ, చిట్టచివర వచ్చిన మనిషీ ఆఖరి బోటుకే. ఆ ముందు మనిషిని నేను. చివరి మనిషి ఎవరు? చెయ్యి ఎత్తండి. నలభై కిలోమీటర్లవాళ్లలో ఒకరు రావాలి, ఎవరు వస్తారు?